విమానాశ్రయంలో లాప్‌టాప్ తెరిచే ముందు: వైఫై, ఓటీపీ, కరెంటు, ఈ-వే బిల్లు

ఓర్వకల్లు రాయి | సోమవారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాయి, గ్రానైటు పంపేవాళ్లు, పెనుకొండ దగ్గర కారు విడిభాగాల కంపెనీల్లో చేసేవాళ్లు, మంగంపేట ముగ్గురాయి వ్యాపారులు నెలకు రెండు మూడు సార్లైనా విమానం ఎక్కాల్సి వస్తోంది. శంషాబాద్, బెంగళూరు దేవనహళ్లి, చెన్నై, యాడికి పోయినా గేటు దగ్గర రెండు మూడు గంటలు ఖాళీ. ఆ సమయంలో మెయిళ్లు, ఒక మీటింగు, బ్యాంకు పని అయిపోతే ఆ రోజు వృథా కానట్టే. నేను అడిగేవి మూడు. విమానాశ్రయం వైఫైని నమ్ముకోవాలా, సొంత డేటానా? పవర్ బ్యాంకు ఎంతది కొనాలి? దేశం దాటితే ఏ సిమ్? ఇక్కడి సభ్యుల్లో ఈ పని బాగా తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి వివరంగా రాయండి.

కొండారెడ్డి బురుజు | ఉదయం 9:50

మొదటి ప్రశ్నకు సూటిగా: మీటింగుకు సొంత డేటా, డౌన్‌లోడ్లకు వైఫై. ఏంటికంటే మీటింగుకు పెద్ద స్పీడు అవసరం లేదు, తెగకుండా ఉండటం ముఖ్యం. జూమ్‌లో మాట మాత్రమే అయితే సెకనుకు 60 నుంచి 100 కిలోబిట్లు చాలు. స్క్రీను చూపిస్తే ఇంకో 50 నుంచి 75. ఇద్దరి మధ్య 720 నాణ్యత వీడియోకి 1.2 మెగాబిట్లు. లెక్క వేస్తే గంట మాటకు సుమారు 45 ఎంబీ, గంట వీడియోకి ఒక్కో వైపు 540 ఎంబీ దాకా. రోజుకు 2 జీబీ ప్యాకు ఉన్నవాళ్లు కెమెరా ఆపితే రోజంతా మాట్లాడినా ప్యాకు మిగులుతుంది.

వైఫైలో జనం ఎక్కువైతే స్పీడు టెస్టులో 20 మెగాబిట్లు చూపించినా మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. వైఫై సిగ్నలు ఇచ్చే ఒకే పెట్టె (యాక్సెస్ పాయింటు) మీద వందమంది ఉంటే ఒక్కొక్కరికి వంతు వచ్చేదాకా ప్యాకెట్లు ఆగుతాయి. ఫైలు దిగడానికి ఆ ఆలస్యం లెక్కలోకి రాదు, మాటకు మాత్రం తెలిసిపోతుంది. కాబట్టి స్పీడు అంకె కాకుండా పింగ్ చూడండి, అంటే ప్యాకెట్టు పోయి తిరిగి రావడానికి పట్టే సమయం. 50 మిల్లీసెకన్ల లోపు నిలకడగా ఉంటే మీటింగు పెట్టుకోవచ్చు. 40, 300, 60, 500 అని ఎగురుతుంటే వద్దు.

ఫోను హాట్‌స్పాట్ పెట్టేటప్పుడు 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని చానెళ్లు 1, 6, 11 మూడే. గేటు దగ్గర అందరి హాట్‌స్పాట్లు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు అన్నీ అక్కడే గుమిగూడతాయి. ఇంకా మంచిది యూఎస్‌బీ కేబుల్‌తో టెథరింగ్, అంటే ఫోను డేటాని తీగ మీదుగా లాప్‌టాప్‌కి ఇవ్వడం. గాలిలో గోల తప్పుతుంది, ఫోను చార్జింగు కూడా దిగదు, లాప్‌టాప్ నుంచి ఎక్కుతూనే ఉంటుంది.

అనంత నెట్ | ఉదయం 10:20

బురుజు అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఎక్కువమంది ఆగిపోయేది వైఫై లాగిన్ పేజీ దగ్గరే. వైఫై గుర్తు వస్తుంది, పక్కనే ఆశ్చర్యార్థకం, "ఇంటర్నెట్ లేదు" అని. నంబరు అడిగే పేజీ మాత్రం రాదు. వైఫై పాడైందని మళ్లీ మళ్లీ ఆన్ ఆఫ్ చేస్తుంటారు. దాని పని తీరు ఇది: మీరు ఏ సైటు అడిగినా మధ్యలో పట్టుకుని తన లాగిన్ పేజీ వైపు మళ్లిస్తుంది. తాళం గుర్తు ఉండే హెచ్‌టీటీపీఎస్ సైటును అలా మధ్యలో మళ్లించడం కుదరదు, బ్రౌజరు ఒప్పుకోదు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ అవే కాబట్టి పేజీ రాదు.

చేయాల్సింది ఈ వరుసలో:

1. వీపీఎన్ (మీ నెట్ రాకపోకల్ని ఇంకో సర్వర్ మీదుగా దాచి పంపేది) ఆపండి. ఆఫీసు లాప్‌టాపుల్లో అది తనంతట తానే మొదలవుతుంది, చూసుకోండి.
2. ఆండ్రాయిడ్ ఫోనులో ప్రైవేట్ డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రసు వెతికే సేవ) అని ఒక సెట్టింగు ఉంటుంది. ఏదైనా పేరు రాసిపెట్టి ఉంటే ఆటోమేటిక్‌లో పెట్టండి. లాప్‌టాప్‌లో డీఎన్ఎస్ చేత్తో రాసి ఉంటే అదీ ఆటోమేటిక్‌కి.
3. బ్రౌజరులో నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ కొట్టండి. ఆ సైటు కావాలనే తాళం లేకుండా ఉంచారు, అందుకే లాగిన్ పేజీ దాని మీదికి వచ్చేస్తుంది.
4. నంబరు ఇచ్చి ఓటీపీ కొట్టి, నెట్ వచ్చాక వీపీఎన్ మళ్లీ ఆన్ చేయండి. ఇది మర్చిపోవద్దు.

ఇంకో చిక్కు ఉంది. ఫోన్లు, లాప్‌టాపులు ఇప్పుడు వైఫైకి తమ అసలు అడ్రసు (పరికరాన్ని గుర్తించే నంబరు) కాకుండా మారు అడ్రసు ఇస్తాయి. అది మారితే విమానాశ్రయం వ్యవస్థకు మీరు కొత్త మనిషి, మళ్లీ లాగిన్ అడుగుతుంది. ఐఫోనులో ఆ వైఫై పేరు పక్కన ప్రైవేట్ అడ్రస్ అనే చోట "ఫిక్స్‌డ్" పెట్టుకుంటే ఆ రోజంతా అదే నడుస్తుంది.

పేరు కూడా సరిచూసుకోండి. బోర్డు మీద ఉన్న పేరే, అక్షరం తేడా లేకుండా. దగ్గరి పేరుతో ఎవరైనా తమ ఫోను నుంచి హాట్‌స్పాట్ పెట్టొచ్చు. లాగిన్ పేజీ మెయిల్ పాస్‌వర్డు కానీ, కార్డు నంబరు కానీ అడిగితే వెంటనే బయటికి వచ్చేయండి.

పెన్నా ఒడ్డు | ఉదయం 11:05

ఓటీపీ అన్నారు కాబట్టి అసలు ముడి అక్కడే ఉందని చెప్పాలి. మన దేశంలో విమానాశ్రయం వైఫైకి మొబైల్ ఓటీపీ కావాలి. మీతో వచ్చిన విదేశీ కొనుగోలుదారుకి మన నంబరు ఉండదు. పెద్ద విమానాశ్రయాల్లో పాస్‌పోర్టు స్కాన్ చేస్తే కోడు ఇచ్చే యంత్రం కానీ, సహాయ కౌంటరు కానీ ఉంటుంది. ముందే చూపించి పంపితే ఆయనకు ఇబ్బంది ఉండదు.

ఇక మన వాళ్లు బయటికి పోయినప్పుడు. కడప, రాజంపేట, రాయచోటి నుంచి కువైట్, దుబాయ్ పోయేవాళ్లు శానామంది చేసే పొరపాటు ఒక్కటే: దిగగానే మన సిమ్ తీసి జేబులో పెట్టి అక్కడి సిమ్ వేసేస్తారు. దాంతో మూడు పనులు ఒకేసారి ఆగిపోతాయి. బ్యాంకు ఓటీపీ రాదు. యూపీఐ యాప్ సిమ్‌కి, ఫోనుకి కలిపి ముడిపడి ఉంటుంది కాబట్టి సిమ్ లేదని చెప్పి మళ్లీ రిజిస్ట్రేషన్ అడగొచ్చు, ఆ రిజిస్ట్రేషన్ కోసం మన సిమ్ నుంచే మెసేజీ పోవాలి. మూడోది, మెయిల్ కొత్త దేశం నుంచి తెరుస్తున్నారని అనుమానించి మన నంబరుకే కోడు పంపుతుంది.

మన సిమ్‌ని అసలు కదిలించొద్దు. డేటాకి ఈ-సిమ్ తీసుకోండి, అది ముక్క లేకుండా ఫోనులోకే దించుకునే సిమ్. ఫోను దానికి పనికొస్తుందో లేదో తెలియాలంటే స్టార్ హాష్ 06 హాష్ కొట్టండి. ఈఐడీ అనే పొడవాటి నంబరు కనిపిస్తే పనికొస్తుంది. ఈ-సిమ్‌ని ఇంట్లో, ఇంటి వైఫై మీదే ఎక్కించుకోండి, అది దిగడానికే ఇంటర్నెట్ కావాలి. క్యూఆర్ కోడు మెయిల్‌లో వస్తుంది. అదే ఫోనులో ఉన్న కోడును అదే ఫోను కెమెరాతో స్కాన్ చేయడం కష్టం, కాగితం మీద ప్రింటు తీసుకోండి లేదా ఇంకో ఫోనులో తెరవండి. ఒకసారి ఎక్కించాక దాన్ని తొలగించొద్దు, చాలా కోడులు రెండోసారి పనిచేయవు.

దిగాక సెట్టింగు ఇలా ఉండాలి: మన సిమ్ ఆన్‌లో, దాని డేటా రోమింగ్ ఆఫ్‌లో. డేటా ఈ-సిమ్ మీద, ఈ-సిమ్‌కి రోమింగ్ ఆన్‌లో. "మొబైల్ డేటా స్విచింగ్" అని ఒకటి ఉంటుంది, అది ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే ఈ-సిమ్ సిగ్నలు తగ్గినప్పుడు ఫోను తనంతట తానే మన సిమ్ డేటా వాడొచ్చు, బిల్లు మోత మోగుతుంది. మన సిమ్‌కి అంతర్జాతీయ రోమింగ్ ఇక్కడ ఉండగానే మొదలుపెట్టించాలి, లేకపోతే అక్కడ నెట్‌వర్క్ పట్టదు, ఓటీపీ రాదు. ప్రీపెయిడ్ అయితే మామూలు ప్యాకు గడువు తిరిగొచ్చే తేదీ దాటి ఉండాలి.

కార్డు సంగతి కూడా. కొత్త కార్డుల్లో అంతర్జాతీయ వాడకం మూసే ఉంటుంది. బ్యాంకు యాప్‌లో మీరే తెరిచి, పరిమితి పెట్టుకోవాలి. ఇదీ బయలుదేరే ముందు రోజు చేయాల్సిన పనే.

ఓర్వకల్లు రాయి | ఉదయం 11:30

అన్నా, దుబాయ్‌లో వాట్సాప్ కాల్ పోదంటారు, నిజమేనా? చైనా పోయేవాళ్లకు ఏం చెప్తారు? మిషన్ల కోసం గ్వాంగ్‌జౌ వైపు పోతున్నారు మనవాళ్లు.

పెన్నా ఒడ్డు | ఉదయం 11:58

నిజమే. దుబాయ్ ఉన్న యూఏఈ దేశంలో వాట్సాప్ మెసేజీలు, ఫోటోలు పోతాయి, వాయిస్, వీడియో కాల్స్ పోవు. జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ నడుస్తాయి. కాబట్టి గిరాకీతో మీటింగు లింకు ముందే పంపుకోండి, "దిగినాక వాట్సాప్‌లో మాట్లాడదాం" అనొద్దు. వీపీఎన్ పెట్టి తప్పించుకోండని సలహా ఇచ్చేవాళ్ల మాట వినొద్దు. నేరం చేయడానికో దాచడానికో వీపీఎన్ వాడితే అక్కడ పెద్ద జరిమానా ఉంది. ఆఫీసు పనికి ఆఫీసు వీపీఎన్ వేరే సంగతి.

చైనాలో స్థానిక వైఫై మీద గూగుల్, జీమెయిల్, వాట్సాప్ తెరుచుకోవు. విమానాశ్రయం వైఫైలో కూడా అంతే. అయితే మన దేశపు రోమింగ్ డేటా వాడితే తెరుచుకుంటాయి. రోమింగ్‌లో డేటా మొదట మన కంపెనీ దగ్గరికి వచ్చి అక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి పోతుంది కాబట్టి. అందుకని చైనాకు మాత్రం ఈ-సిమ్ కంటే మన సిమ్ రోమింగ్ ప్యాకే మేలు. ఈ-సిమ్మే తీసుకుంటే అది చైనా బయటి నుంచి నడిచేదా అని అమ్మేవాళ్లని అడిగి తీసుకోండి. హాంకాంగ్‌లో ఈ అడ్డు లేదు.

సీమ కరెంటు | మధ్యాహ్నం 12:40

పవర్ బ్యాంకు గురించి రాస్తా. అందరూ ఎంఏహెచ్ చూసి కొంటారు. విమానం వాళ్లు చూసేది వాట్-అవర్, అంటే అందులో నిల్వ ఉండే మొత్తం శక్తి. ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 10,000 అంటే 37, 20,000 అంటే 74, 27,000 అంటే 99.9, 30,000 అంటే 111. 100 లోపుది చేతి సంచిలో అనుమతి అక్కర్లేకుండా పోతుంది. 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి, రెండుకి మించి వద్దంటారు. 160 దాటితే పోదు. లగేజీలో వేసే పెద్ద సంచిలో ఏ సైజుదీ పెట్టకూడదు. లిథియం సెల్ వేడెక్కి అంటుకుంటే సరుకు గదిలో ఆర్పడం కష్టం, క్యాబిన్‌లో అయితే సిబ్బంది చేతికి అందుతుంది. అదీ ఆ నిబంధన వెనక ఉన్న కారణం.

20,000ది కొనండి. అందులో 74 వాట్-అవర్ ఉన్నా ఓల్టేజీ మార్చేటప్పుడు వేడి రూపంలో కొంత పోయి చేతికి వచ్చేది 60 చిల్లర. మామూలు లాప్‌టాప్ బ్యాటరీ 50 నుంచి 60. అంటే ఒక్కసారి నిండుగా. లాప్‌టాప్‌కి పెట్టాలంటే పవర్ బ్యాంకు మీద యూఎస్‌బీ-సీ పీడీ (ఎక్కువ పవర్ ఇచ్చే చార్జింగు పద్ధతి) 65 వాట్లు అని ఉండాలి. 22.5 వాట్లదైతే ఫోనుకి బాగానే ఎక్కుతుంది, లాప్‌టాప్ "నెమ్మదిగా చార్జ్ అవుతోంది" అని చూపిస్తూ ఇంకా దిగిపోతుంటుంది.

కేబుల్ కూడా తేడా చేస్తుంది. మామూలు సీ-టు-సీ కేబుల్ 3 ఆంపియర్లు, 20 ఓల్టుల దగ్గర 60 వాట్లు, అంతకు మించి ఇవ్వదు. 100 వాట్లదానిలో చిన్న చిప్ ఉంటుంది, అది "నేను 5 ఆంపియర్లు మోస్తాను" అని చార్జరుకి చెప్తేనే చార్జరు వదులుతుంది. కేబుల్ మీద 100 లేదా 240 అంకె చూసి కొనండి.

పవర్ బ్యాంకు మీద అంకెలు అరిగిపోతే భద్రతా తనిఖీలో ఆపేస్తారు. చెమటకి, సంచిలో రాపిడికి ఆ ముద్ర పోతుంది. కొన్న రోజే దాని మీద పారదర్శకమైన టేపు అంటించండి.

గల్ఫ్ పోయేవాళ్లకి: ఎమిరేట్స్ విమాన సంస్థ 2025 అక్టోబరు 1 నుంచి మనిషికి ఒకటే పవర్ బ్యాంకు, 100 వాట్-అవర్ లోపుదే ఒప్పుకుంటోంది, విమానంలో దాన్ని వాడనివ్వదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంకుతో చార్జింగు వద్దంది. చైనా లోపలి విమానాల్లో 2025 జూన్ 28 నుంచి 3సీ (చైనా భద్రతా ధ్రువీకరణ) ముద్ర లేని పవర్ బ్యాంకు పోనివ్వరు. మన బజారులో కొన్నవాటికి ఆ ముద్ర ఉందో లేదో ముందే తిప్పి చూసుకోండి. కాబట్టి గేటు దగ్గరే ఫోను, లాప్‌టాప్ రెండూ చార్జింగు నింపుకుని ఎక్కాలి.

ఓర్వకల్లు (కర్నూలు విమానాశ్రయం) నుంచి ఇండిగో నడిపేది ఏటీఆర్ విమానం, చిన్నది. పైన అరలు ఇరుకు. చక్రాల పెట్టెను మెట్ల దగ్గరే తీసుకుని కింద సరుకు గదిలో పెట్టే అవకాశం ఉంది. అందులో పవర్ బ్యాంకు, లాప్‌టాప్ ఉంటే అప్పటికప్పుడు బయటికి తీయాలి. ఆ రెండూ చిన్న భుజం సంచిలో వేరుగా పెట్టుకుంటే మెట్ల దగ్గర పెట్టె విప్పే పని ఉండదు.

అనంత నెట్ | మధ్యాహ్నం 1:15

ప్లగ్గుల గురించి కూడా చెప్పు సారూ.

సీమ కరెంటు | మధ్యాహ్నం 1:32

లాప్‌టాప్ చార్జరు మీద ఇన్‌పుట్ 100-240 ఓల్టులు అని ఉంటే ఓల్టేజీ సంగతి మర్చిపోండి, పిన్ను ఆకారం ఒక్కటే సమస్య. దుబాయ్, కువైట్, సింగపూర్, మలేసియా, హాంకాంగ్, లండన్‌లో మూడు చదరపు పిన్నుల సాకెట్టు. యూరప్‌లో రెండు గుండ్రటి పిన్నులు. అమెరికా, జపాన్‌లో రెండు చదునైనవి. అన్నిటికీ పనికొచ్చే అడాప్టరు ఒకటి చాలు, కానీ వాటిలో చాలావాటికి ఎర్త్ ఉండదు. ఇనుప లేదా అల్యూమినియం పైకప్పు లాప్‌టాప్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనడం అందుకే. గ్యాన్ (GaN) అని రాసి ఉండే చిన్న రకం చార్జరు, 65 వాట్లది, రెండు పిన్నులది కొంటే బరువు తగ్గుతుంది. మన 16 ఆంపియర్ల లావు పిన్ను ఉన్న చార్జరు తీసుకుపోవద్దు, గేటు దగ్గర సాకెట్లలో అది పట్టదు.

సీట్ల చేతుల దగ్గర ఉండే యూఎస్‌బీ రంధ్రాల్లో ఫోను పెట్టొద్దు. వాటితో డేటా కూడా లాగొచ్చని 2022లో రిజర్వు బ్యాంకు వేసిన అవగాహన పుస్తకంలోనే హెచ్చరిక ఉంది. సొంత చార్జరు, గోడ సాకెట్టు. తప్పనిసరైతే చార్జింగు తీగలు మాత్రమే ఉన్న కేబుల్.

తాడిపత్రి పద్దు | మధ్యాహ్నం 2:48

మీరంతా మెయిలు, మీటింగు అంటున్నారు. సరుకు పంపే మనిషికి విమానాశ్రయంలో గుండె దడ పుట్టించేది ఈ-వే బిల్లు, అంటే లారీలో సరుకు పోవాలంటే ఉండాల్సిన జీఎస్టీ ఆన్‌లైన్ రవాణా పత్రం. బండలు ఎక్కించిన లారీ రేవుకి పోతూ మధ్యలో ఆగిపోయి, యజమాని ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉంటే ఏమవుతుందో చెప్తా, ఎట్లా ముందే కట్టుదిట్టం చేసుకోవాలో చెప్తా.

ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. 260 కిలోమీటర్ల దారి అయితే రెండు రోజులు. మొదటి రోజు ముగిసేది బిల్లు తీసిన మర్నాటి అర్ధరాత్రికి. 14వ తేదీ మధ్యాహ్నం లారీ నంబరు వేసి బిల్లు తీస్తే రెండు రోజుల బిల్లు 16వ తేదీ రాత్రి 12 దాకా నడుస్తుంది. ఆ లోపల చేరకపోతే గడువు పొడిగించాలి. పొడిగించుకునే అవకాశం గడువుకి 8 గంటల ముందు తెరుచుకుని, 8 గంటల తర్వాత మూసుకుంటుంది. అంటే 16 సాయంత్రం 4 నుంచి 17 ఉదయం 8 వరకు. దుబాయ్ విమానంలో ఉన్నవాడికి ఆ సమయం ఇట్టే జారిపోతుంది. గడువు దాటిన బిల్లుతో లారీ పట్టుబడితే జీఎస్టీ చట్టం 129వ సెక్షను కింద యజమాని ముందుకొచ్చినా పన్నుకు రెండింతల జరిమానా.

ఇక ఓటీపీ. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు పోర్టల్‌కి చిన్న పెద్ద అందరికీ రెండంచెల లాగిన్ తప్పనిసరి. పాస్‌వర్డు కొట్టాక ఓటీపీ. అది యజమాని ఫోనుకి పోతుంది, యజమాని గాల్లో ఉంటాడు, గుమాస్తా ఆఫీసులో చేతులు కట్టుకుని కూర్చుంటాడు.

దీనికి రెండు దారులు ఉన్నాయి, రెండూ చేసుకోండి. ఒకటి, పోర్టల్‌లో యూజర్ మేనేజ్‌మెంట్‌లోకి పోయి గుమాస్తా పేరు మీద సబ్-యూజర్ (మీ ఖాతా కింద వేరే లాగిన్) తీయండి. ఓటీపీ గుమాస్తా నంబరుకే వస్తుంది. ఏ పనులు చేయొచ్చో టిక్కు పెట్టి ఇవ్వొచ్చు, బిల్లు తీయడం, లారీ మార్చడం వరకు ఇచ్చి మిగతావి ఆపొచ్చు. పాస్‌వర్డు కాగితం మీద రాసి ఇచ్చిపోవడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

రెండు, పోర్టల్‌లోనే ఎన్ఐసీ-జీఎస్టీ-షీల్డ్ అనే యాప్ ఉంది. దాన్ని ఫోనులో వేసి రిజిస్టరు చేసుకుంటే 30 సెకన్లకొక కోడు అదే చూపిస్తుంది. దానికి సిగ్నలు అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోను గడియారం సరిగ్గా ఉంటే చాలు. విదేశంలో మెసేజీ రాకపోయినా విమానాశ్రయం వైఫై మీద లాప్‌టాప్ తెరిచి, ఫోనులో కోడు చూసి లాగిన్ అవ్వొచ్చు.

ఇంకో మెలిక. బిల్లులో ట్రాన్స్‌పోర్టరు ఐడీ వేసి అప్పగించి ఉంటే గడువు పెంచే అధికారం ఆ ట్రాన్స్‌పోర్టరుదే, మీది కాదు. మీ గుమాస్తా ఎంత ప్రయత్నించినా అది తెరుచుకోదు. అందుకే బయలుదేరే ముందు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఎవరికి ఫోను చేయాలో గుమాస్తాకి చెప్పిపోండి. పొడిగింపుకి కావాల్సినవి: బిల్లు నంబరు, ఇప్పుడున్న చోటు పిన్ కోడు, మిగిలిన కిలోమీటర్లు, కారణం, లారీ నంబరు. లారీ మారితే బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త నంబరు. ఈ వివరాలన్నీ డ్రైవరు వాట్సాప్‌లో ఒక్క మెసేజీగా పంపేలా అలవాటు చేయండి.

ఓర్వకల్లు రాయి | మధ్యాహ్నం 3:10

పద్దు అన్నా, ఈ ఒక్క పోస్టుకే ఈ చర్చ పెట్టినందుకు ఫలితం దక్కింది. నేను వైఫై గురించి అడిగితే అసలు పని ఆగేది ఓటీపీ దగ్గర అని తేలింది. ఒక్క సందేహం: సిగ్నలు లేకుండా ఆ యాప్‌కి కోడు ఎట్లా తెలుస్తుంది?

కొండారెడ్డి బురుజు | మధ్యాహ్నం 3:35

రిజిస్టరు చేసినప్పుడు ఒక రహస్య సంఖ్య మీ ఫోనులోనూ సర్వర్‌లోనూ ఒకేలా నిలుస్తుంది. ఆ సంఖ్యను, ఆ క్షణంలోని సమయాన్ని కలిపి రెండు వైపులా ఒకే లెక్క వేస్తే ఒకే కోడు వస్తుంది. మధ్యలో ఏదీ ప్రయాణించాల్సిన పనిలేదు. గూగుల్, మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్లు చూపించే ఆరంకెల కోడూ ఇంతే. అందుకే ఫోను గడియారాన్ని చేత్తో మార్చొద్దు. దుబాయ్ సమయం చూపించాలని కొందరు గంటన్నర వెనక్కి తిప్పుతారు, అప్పుడు కోడు తప్పుతుంది. టైమ్ జోన్ మారితే ఫరవాలేదు, ఆటోమేటిక్‌గా వదిలేయండి.

మెయిలుకి, డ్రైవ్‌కి కూడా మెసేజీ ఓటీపీ తీసేసి ఈ పద్ధతికి మారండి. మారినప్పుడు ఇచ్చే బ్యాకప్ కోడ్లు ప్రింటు తీసి పాస్‌పోర్టు ఉన్న సంచిలో కాకుండా వేరే సంచిలో పెట్టండి. ఫోను పోతే మిమ్మల్ని ఆదుకునేవి అవే.

ఫైళ్ల గురించి ఒక మాట. వన్‌డ్రైవ్‌లో ఫైలు పక్కన మబ్బు గుర్తు ఉంటే ఆ ఫైలు మీ లాప్‌టాప్‌లో లేదన్నమాట, పేరు మాత్రమే ఉంది. విమానంలో తెరవదు. కుడి క్లిక్ చేసి "ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లో ఉంచు" అనేది ఎంచుకుంటే ఆకుపచ్చ గుండ్రంలో తెల్ల టిక్కు వస్తుంది, అప్పుడు నమ్మొచ్చు. గూగుల్ డ్రైవ్‌లో "ఆఫ్‌లైన్" ఆన్ చేయాలి. ఇది ఇంటి నెట్ మీద చేయాల్సిన పని. కర్నూలు నుంచి శంషాబాద్ దాకా హైవే మీద ఫోను డేటాతో 3 జీబీ దించుకుందాం అనుకోవద్దు, టవర్లు మారుతున్నప్పుడు సగంలో తెగుతుంది.

ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఎల్‌సీ (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) కాపీ పీడీఎఫ్‌లుగా ఫోనులో కూడా ఉంచుకోండి. బోర్డింగ్ పాస్ కూడా అంతే. టెర్మినల్ తలుపు దగ్గర వందమంది మధ్య మెయిల్ తెరవడానికి ఆగకండి.

పెన్నా ఒడ్డు | సాయంత్రం 4:20

ముఖం గుర్తుపట్టి విమానాశ్రయంలోకి పంపే డిజియాత్ర యాప్ కూడా పెట్టుకోండి. 2022 డిసెంబరు 1న బెంగళూరు, ఢిల్లీ, వారణాసిలో మొదలైంది, 2023లో శంషాబాద్‌కి వచ్చింది. దేశీయ ప్రయాణానికే. ఆధార్‌తో ఒకసారి నమోదు, ప్రతి ప్రయాణానికి బోర్డింగ్ పాస్ ఎక్కించాలి. ఇదీ ఇంట్లోనే చేయండి, ఆధార్ ఓటీపీ రావాలి కదా. బెంగళూరులో అంతర్జాతీయ విమానాలన్నీ 2023 సెప్టెంబరు నుంచి రెండో టెర్మినల్‌లోనే. అనంతపురం నుంచి 44వ నంబరు రహదారి మీద పోయే డ్రైవరుకి ఆ మాట ముందే చెప్పండి.

విమానంలో వైఫై కూడా అడుగుతారు. ఎయిర్ ఇండియా 2025 జనవరి 1 నుంచి కొన్ని విమానాల్లో దేశీయ మార్గాల్లో ఇస్తోంది. మన నిబంధన ప్రకారం 3,000 మీటర్లు దాటాకే వైఫై. ఆలోపల పంపాల్సిన మెయిలు ఉంటే నేల మీదే పంపండి.

అనంత నెట్ | సాయంత్రం 5:05

ఒక జాగ్రత్త మిగిలింది. యజమాని విమానంలో ఉన్న ఆ మూడు నాలుగు గంటలే మోసగాళ్లకు కావాల్సినవి. "నేను గేటు దగ్గర ఉన్నా, మాట్లాడలేను, ఈ ఖాతాకి వెంటనే వేయి" అని యజమాని ఫోటోతో కొత్త నంబరు నుంచి గుమాస్తాకి మెసేజీ వస్తుంది. విదేశీ కొనుగోలుదారుకి మీ పేరుతో "మా బ్యాంకు ఖాతా మారింది" అని ఒక్క అక్షరం తేడా ఉన్న మెయిలు పోతుంది. రెండిటికీ మందు ఒకటే: మెసేజీ మీద, మెయిలు మీద ఖాతా మారదు, డబ్బు కదలదు. పాత నంబరుకి ఫోను చేసి గొంతు విన్నాకే. ఫోను కలవకపోతే విమానం దిగేదాకా ఆగాలి. ఈ మాట ఇన్‌వాయిస్ అడుగున కూడా అచ్చు వేయించండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి, గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఖాతాల మీద ఖాతాలు దాటిపోతుంది.

మీటింగులో మాట్లాడేటప్పుడు కూడా. మన తెలుగు ఎవరికి తెలుస్తుందిలే అని గట్టిగా రేట్లు చెప్పొద్దు. శంషాబాద్, దేవనహళ్లి, దుబాయ్, ఏ గేటు దగ్గరైనా వెనక సీటులో ఉన్నది మనవాళ్లే, అదే వ్యాపారంలో ఉన్నవాళ్లూ కావచ్చు. రేటు చెప్పాల్సి వస్తే చాట్‌లో కొట్టండి.

ఓర్వకల్లు రాయి | సాయంత్రం 5:40

బాగుంది. మైకు ఏది మంచిది? గేటు దగ్గర ప్రకటనల గోలలో అవతలివాళ్లకు ఏమీ వినపడటం లేదంటున్నారు.

సీమ కరెంటు | సాయంత్రం 6:02

నోటి దగ్గరికి కాడ వచ్చే హెడ్‌సెట్టు, యూఎస్‌బీ తీగది. చెవిలో పెట్టుకునే బ్లూటూత్‌ల మైకు చెవి దగ్గరే ఉంటుంది, మీ గొంతు ఎంత దూరమో ప్రకటనా దాదాపు అంతే వినిపిస్తుంది. కాడ మైకు పెదవి మూల నుంచి రెండు వేళ్ల దూరంలో, కొంచెం పక్కకి, ఊపిరి తగలకుండా. జూమ్‌లో మ్యూట్‌లోనే ఉండి మాట్లాడేటప్పుడు మాత్రం స్పేస్ బార్ నొక్కి పట్టుకోండి, వదిలితే మళ్లీ మ్యూట్. కూర్చునే చోటు స్పీకరు కింద కాకుండా, వీపు వెనక గోడ ఉండేలా, సాకెట్టు చేతికందేలా చూసుకోండి. గేటు మారిస్తే ప్రకటన వినపడదు కాబట్టి ఫోనులో విమాన సంస్థ మెసేజీలు ఆన్‌లో ఉంచి, పక్కన తెర మీద ఓ కన్ను వేయండి.